బాబాయి పళ్ళ రంగు

కణాల గది బయటి వరండా,
ఫిబ్రవరి 9

బాబాయ్,

నిన్న ఫోన్‌లో అరిచి అరిచి నా గొంతు పోయింది, నీకేమో సగం కూడా చేరలేదు. ముప్ఫై ఏళ్ళు గ్రైండర్ పక్కన కూర్చుని కట్టుడు పళ్ళు అరగదీస్తూ చెవులు దానికి అప్పగించేశావు. చెవి మిషన్ పెట్టుకోమంటే పెట్టుకోవు. అందుకని నేనే లొంగిపోయాను. ఇకనుంచి ఉత్తరాలు రాస్తాను. నువ్వూ రాయాలి. క్షేమం అని రెండు ముక్కలు గీకి పంపితే మాత్రం ఊరుకోను.

నాకు ఉద్యోగం వచ్చింది, అదీ నిన్న చెప్పబోయిన సంగతి. పళ్ళు తెల్లబరిచే జెల్ పంటి లోపల ఏం చేస్తుందో చూసే ల్యాబ్. డాక్టర్లు పీకేసిన జ్ఞానదంతాలు మాకు సీసాల్లో వస్తాయి. పన్ను పగలగొడితే మధ్యలో ఎర్రటి మెత్తటి గుజ్జు ఉంటుంది కదా, అందులోంచి కణాలు తీసి వెచ్చటి పెట్టెలో పెంచుతాం. మొదటిరోజు మైక్రోస్కోప్‌లో చూసి నోరెళ్ళబెట్టాను. పొడుగ్గా, సన్నగా, చేతులు చాపి ఒకదాన్నొకటి పట్టుకుని ఉన్నాయి. పంటిలో ఇంత సందడి ఉంటుందని నాకు తెలీదు బాబాయ్. పన్నంటే రాయి అనుకున్నాను ఇన్నాళ్ళూ.

ఇప్పుడు నా కష్టం విను. పంటిని పల్చటి బిళ్ళలుగా కోసి, పైన జెల్ రాసి, కింద కణాలు పెట్టాలి. నేను కోసినవన్నీ పగిలిపోతున్నాయి. మా మేడమ్ ఏమీ అనదు, చెత్తబుట్ట వైపు మాత్రం చూస్తుంది. నీకు తెలిసిన కిటుకేదైనా ఉంటే చెప్పి పుణ్యం కట్టుకో.

నీ అన్న కూతురు

*

పళ్ళ వర్క్‌షాపు, కిటికీ పక్క బల్ల,
ఫిబ్రవరి 17

చి. ప్రశ్నలమ్మకు,

బాబాయి ఆశీస్సులు. నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. రెండుసార్లు సంతోషం పట్టలేక, ఒకసారి నీ చేతిరాత అర్థంకాక.

బిళ్ళలు పగులుతున్నాయంటే నువ్వు నొక్కుతున్నావు. చిన్నప్పుడు పెన్సిలూ అలాగే నొక్కేదానివి, ములుకు విరిగేదాకా. బలం పెట్టకు, కోతను దాని దారిన పోనియ్యి. నీళ్ళు ఆగకుండా పడాలి. వేడి తగిలిందా, పగుళ్ళు వచ్చాయన్నమాటే. కాస్త మందంగానే కోసుకుని, మిగతాది తడిపిన గరుకు కాగితం మీద ఎనిమిది అంకె ఆకారంలో తిప్పుతూ అరగదియ్యి. తొందరపడకు. తొందరపడితే నా దగ్గర కూడా పగులుతాయి.

చేయి తిరగడానికి ఒక పన్ను పంపుతున్నాను. నాదే. పోయినేడు పీకించుకున్న దవడపన్ను, ఉప్పునీళ్ళ సీసాలో దాచాను. ఎందుకు దాచావని అడగకు, పళ్ళ పనివాడు పన్ను పారేయలేడు.

ఇంకో మాట. మా దగ్గర ఒకాయన ఉన్నాడు, యాభై దాటాడు. మంచివాడే, కానీ పళ్ళు బాగా పచ్చన. ఈ వయసులో వాటిని తెల్లగా చేసుకోవాలని ఆశపడుతున్నాడు. ఆ జెల్ ఎన్నాళ్ళు పెట్టుకోవచ్చు, గట్టిది పెడితే తొందరగా పని అవుతుందా? నీకు తెలిస్తే రాయి. ఆయన అడగమన్నాడు.

బాబాయి

*

ల్యాబ్, కిటికీలేని గది,
మార్చి 2

బాబాయ్,

నీ పన్ను అందింది. మేడమ్‌కి "ఇది మా బాబాయి పన్నండీ" అని పరిచయం చేస్తే ఆవిడ దానికి నమస్కారం పెట్టింది. నువ్వు చెప్పినట్టే కోశాను. నాలుగు బిళ్ళలు, ఒక్కటీ పగల్లేదు! లెక్కలోకి వచ్చే ప్రయోగానికి దీన్ని వాడకూడదు. కానీ ఊరికే పారేయబుద్ధి కాక ఒక పరీక్ష చేశాను.

జెల్‌లో పనిచేసే మందు పెరాక్సైడ్, అది తగిలితే నీలంగా మారే కాగితం ముక్కలుంటాయి మా దగ్గర. ఒకటి నీ పంటి బిళ్ళ కింద పెట్టి, పైన డాక్టర్లు క్లినిక్‌లో వాడే గట్టి జెల్ రాశాను. టీ తెచ్చుకున్నాను. ఆ టీ చల్లారకముందే కింద కాగితం నీలం తిరిగింది. పన్ను దాన్ని ఆపలేదు బాబాయ్. ఇసుకలోంచి నీళ్ళు దిగినట్టు దిగిపోయింది.

ఇప్పుడు ఆ "ఒకాయన"కి చెప్పు. ఆయన పళ్ళు పచ్చగా ఉన్నది మురికి వల్ల కాదు. పైనున్న ఎనామెల్‌లోంచి వెలుతురు వెళ్తుంది, దాని కిందిపొర రంగే పసుపు, అది కనబడుతుంది. వయసు పెరిగేకొద్దీ పైపొర అరిగి, కిందిపొర మందమై, ఆ పసుపు ఇంకా తేలుతుంది. జెల్ రుద్ది కడిగేదేమీ లేదు, లోపలికి దిగి రంగు పదార్థాలను విడగొడుతుంది. రంగు దగ్గరే ఆగితే గొడవ లేదు, ఇంకా కిందికి పోయి గుజ్జును కూడా తాకుతుంది. కింది ముందుపళ్ళు సన్నగా ఉంటాయి కాబట్టి వాటికే ముందు తగులుతుంది. ఇంటి దగ్గర వాడేదానికి క్లినిక్ జెల్‌లో పదోవంతు బలం ఉంటుంది, అది కూడా డాక్టర్ చూసి ఇస్తేనే వాడాలి. గట్టిది సొంతంగా పెట్టుకునే పని కానే కాదు.

ఇంతకీ ఎవరా ఒకాయన? టీలో రెండు చెంచాల చక్కెర వేసుకుని, ఒక చెంచా అని అబద్ధం చెబుతాడా?

ప్రశ్నలమ్మ

*

వర్క్‌షాపు, అదే బల్ల,
మార్చి 12

చి. ప్రశ్నలమ్మకు,

ఆ ఒకాయన నీకు తెలీదులే. చక్కెర సంగతి నాకు తెలీదు.

నీకు ఇంకో కబురు చెబుతాను. బస్‌స్టేషన్‌లో బస్సుల వేళలు మైకులో చెప్పే ఆవిడకి ఆ మైకే తగిలి ముందుపన్ను విరిగింది. మాట్లాడుతుంటే సందులోంచి ఈల వస్తోందట, స్టేషనంతా వినబడి జనం నవ్వుతున్నారట. మాకు పని ఇచ్చే క్లినిక్ డాక్టరమ్మ, రంగు చూడమని మా దగ్గరికి పంపింది. మామూలుగా మాకు మనుషులు కనబడరు, పళ్ళ అచ్చులే వస్తాయి. ఆవిడ వచ్చింది.

ఎర్రచీర కట్టుకొచ్చింది. ఎరుపు పక్కనుంటే పంటి రంగు సరిగ్గా తెలీదు. బూడిదరంగు గుడ్డ భుజాల మీద కప్పి కిటికీ దగ్గర కూర్చోబెట్టాను. రంగుల పలక చూపిస్తే అన్నిటికన్నా తెల్లది వేలితో చూపించి, ఇది పెట్టండి అంది. కుదరదన్నాను. "మీ పళ్ళది తేనె కలిసిన పాలరంగు. ఇంత మంచి రంగు నాకు వారానికొకటి కూడా రాదు. దాని పక్కన సుద్దముక్క పెట్టమంటారా?" అన్నాను. అద్దం ఇచ్చి రెండూ పక్కపక్కన పెట్టి చూపించాను. చాలాసేపు చూసుకుంది. తర్వాత మీ ఇష్టం అంది.

పక్కపంటి మీద చిన్న తెల్లమచ్చ ఉంది, అదీ పెట్టాను కొత్తదాని మీద. సన్నటి గీత ఉంది, అదీ వేశాను. ఎవరైనా ఏది నాదో చెప్పగలిగితే ఈ పని మానేస్తాను. క్లినిక్‌లో బిగించాక మళ్ళీ వచ్చి చూపించింది. ఆ తర్వాత కూడా రెండుసార్లు వచ్చింది, పని లేకుండానే.

ఆవిడ గొంతు బావుంటుందని అందరూ అంటారు. నాకు వినబడదు, పెదాలు చూసి మాట తెలుసుకుంటాను. ఆ సంగతి ఆవిడకి చెప్పలేదు.

బాబాయి

*

వరండా,
మార్చి 27

బాబాయ్!

ఒంటిగంట భోజనం మానేసి రాస్తున్నాను. పని లేకుండా రెండుసార్లు వచ్చిందా? వస్తే ఏం మాట్లాడావు? ఏం చొక్కా వేసుకున్నావు? అమ్మకి చెప్పనులే, ఒట్టు.

చెవుల సంగతి ఎందుకు దాచావు? చెప్పెయ్యి.

నా పని సాగుతోంది. ఇంట్లో వాడే తేలికపాటి జెల్ పెట్టిన కణాలు మొదటిరోజు బెదిరిపోయినట్టుంటాయి, పెరగడం ఆపేస్తాయి. వాటి దగ్గర పెరాక్సైడ్‌ని విరిచి నీళ్ళూ ఆక్సిజనూ చేసే సరుకుంది, దానితో గట్టెక్కుతాయి. మూడోనాటికి మళ్ళీ చేతులు చాపుతాయి. గట్టి జెల్ పెట్టిన కణాల పళ్ళెం సంగతి వేరే. సాయంత్రానికే చేతులన్నీ ముడుచుకుని గుండ్రంగా అయిపోయాయి. మర్నాడు పళ్ళెం కదిపితే నీళ్ళలో తేలాయి. ఉద్యోగమే అనుకో, అయినా చూసి కళ్ళనీళ్ళొచ్చాయి.

ఆ ఒకాయన ఏం చేశాడు? ఈసారి సూటిగా చెప్పు.

ప్రశ్నలమ్మ

*

ఇల్లు,
ఏప్రిల్ 8

అమ్మలూ,

ఆ ఒకాయన నేనే. నీకు తెలుసని నాకూ తెలుసు.

మంచినీళ్ళు తాగలేకపోతున్నాను. గాలి పీల్చినా కింది పళ్ళు జివ్వుమంటున్నాయి. చిగుళ్ళు అంచుల్లో తెల్లగా పొక్కి మండుతున్నాయి. చేసినదంతా రాస్తున్నాను, చదివాక తిట్టు.

నా అచ్చు నేనే తీసుకున్నాను, జెల్ పోసి పళ్ళకి తొడుక్కునే ట్రే నేనే చేసుకున్నాను. అందరికీ చేసేలాగే చేశాను. కట్టుడుపళ్ళ సెట్ కదలకుండా ఉండాలంటే అంచు చిగురు మీదకి రావాలి, ముప్ఫై ఏళ్ళుగా చేతికి అదే అలవాటు. దీనిక్కూడా అంచు చిగురు మీదకి లాగేశాను. ఊపిరి కూడా దూరనంత బిగువుగా కూర్చుంది. ఎంత మురిసిపోయానో! పంటి దగ్గర ఆగాల్సిన జెల్ చిగుళ్ళ మీద కూడా పట్టేసింది, ఎక్కడికీ పోలేక. అదీ క్లినిక్ జెల్. డాక్టరమ్మ ఊళ్ళో లేదు, క్లినిక్ తాళాలు నా దగ్గరున్నాయి. పాతికేళ్ళ నమ్మకం అది. పూటకి మూడు గంటలు, తొమ్మిది రోజులు పెట్టాను.

నీ ఉత్తరాలు ముందు పెట్టుకునే చేశాను. నీలం కాగితం గురించి చదివి కూడా చేశాను.

ఆవిడని అడగాలనుకున్నాను. మిగతా రోజులు నాతో ఉంటారా అని. ఎప్పటినుంచో నోరు మూసుకునే నవ్వడం అలవాటైపోయింది నాకు. ఆ మాట అడిగేటప్పుడైనా నోరు తెరిచి అడగాలనిపించింది. ఎవరికీ చెప్పకు.

బాబాయి

*

ల్యాబ్ మెట్లు,
ఏప్రిల్ 11

బాబాయ్,

ముందు పని. ఆ ట్రే విరిచి పారెయ్యి. రేపు పొద్దున్నే ఎవరైనా సరే డాక్టర్ దగ్గరికి వెళ్ళు. మీ డాక్టరమ్మ తిరిగొస్తే ఆమెకే చెప్పు, తాళాల సంగతితో సహా. చల్లటివీ పులుపూ ముట్టకు. జివ్వుమనడం తగ్గించే పేస్ట్ ఉంటుంది, అది అడుగు. వదిలేస్తే చాలావరకు కోలుకుంటాయి బాబాయ్. నా పళ్ళెంలో చచ్చిన కణాలకి రక్తం అందదు, నీ పంటి లోపల అందుతుంది, ఒట్టి మాట కాదు.

తిట్టమన్నావు. తిట్టడానికే కూర్చున్నాను, చేతులు రాలేదు.

ఎప్పటినుంచో అని రాశావు. ఎప్పటినుంచో నాకు తెలుసు. నాకు ఏడేళ్ళు. అందరం మెట్ల మీద నిలబడి ఫొటో తీయించుకుంటున్నాం. నువ్వు నన్ను భుజాల మీద ఎక్కించుకున్నావు. నేను పైనుంచి నీ మొహంలోకి వంగి, "బాబాయ్, నువ్వు నవ్వకు, నీ పళ్ళు మొక్కజొన్న గింజల్లా ఉన్నాయి" అన్నాను. అందరూ పగలబడి నవ్వారు. ఆ ఫొటోలో నీ నోరు మూసుంది. ఆ తర్వాతి ఫొటోలన్నీ మొన్న అమ్మ పెట్టె తీసి చూశాను. ఒక్కదాంట్లో కూడా నీ పళ్ళు లేవు.

నన్ను భుజాల మీదనుంచి దింపను కూడా దింపలేదు నువ్వు. క్షమించమని అడగడానికి పంతొమ్మిదేళ్ళు పట్టింది నాకు. క్షమించు బాబాయ్.

నీ ప్రశ్నలమ్మ

*

వర్క్‌షాపు,
ఏప్రిల్ 24

అమ్మలూ,

పిచ్చిపిల్లా, ఏడేళ్ళ పిల్ల మాటకి నేను నొచ్చుకున్నానా? నొచ్చుకున్నాను. ఆరోజే, కాసేపే. నోరు మూసుకోవడం నాకు నేను తగిలించుకున్న జబ్బు, నీ లెక్కలో రాసుకోకు. నువ్వు భుజాల మీదుంటే నాకు ఏ బరువూ తెలిసేది కాదు. ఇంక ఆ మాట ఎత్తకు, నిజంగా కోపం వస్తుంది.

డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాను. తాళాలు బల్ల మీద పెట్టి అంతా చెప్పాను. నన్ను కుర్చీలో కూర్చోమంది. తర్వాత దూది ఉండకి చల్లటి మందు కొట్టి కింది పళ్ళకి ఒక్కొక్కదానికీ ఆనించింది. ఒక్కోదానికీ కుర్చీలోంచి ఎగిరిపడ్డాను. నేను ఎగిరినప్పుడల్లా ఆవిడ మొహం తేలికపడింది. చల్లదనం తెలిస్తే లోపల ప్రాణం ఉన్నట్టట. చిగుళ్ళు అప్పటికే మానుతున్నాయి. జివ్వుమనడం ఇంకొన్ని వారాల్లో తగ్గుతుందంది. తాళాలు నా చేతికే మళ్ళీ ఇచ్చింది. అప్పుడు తలకొట్టేసినట్టయింది నాకు.

ఇక రెండో సంగతి. పళ్ళు తెల్లబడ్డాయి. పలకలో రెండు మెట్లు పైకి. అద్దంలో చూసుకుంటే నాకే కొత్త మనిషిలా ఉన్నాను.

మొన్న ఆవిడ వచ్చింది. నేను నోరు తెరిచి నవ్వాను. ఆవిడ మొహం వెలవెలబోయింది. "నాకు వద్దన్న రంగు మీరు వేసుకున్నారే," అంది. "నా పళ్ళ రంగు బావుందన్నది నన్ను ఊరడించడానికేనన్నమాట. వచ్చినప్పుడల్లా నా నోటివైపే చూస్తుంటే మీ పనితనం చూసుకుంటున్నారనుకున్నాను. లోపాలు వెతుకుతున్నారని ఇప్పుడు తెలిసింది." ఇంకేదో అంది, కానీ అప్పటికే తల తిప్పేసుకుంది. పెదాలు కనబడలేదు. ఏమందో నాకు తెలీదు.

అడుగుదామనుకున్న మాట అడగలేదు. ఇంక అడగను.

బాబాయి

*

వరండా,
ఏప్రిల్ 29

బాబాయ్,

ఆవిడ కోపం సబబే. నువ్వు ఆవిడకి చెప్పింది నిజం, నీకు నువ్వు చెప్పుకున్నది అబద్ధం. ఆవిడకి అది తారుమారుగా అర్థమైంది. సరిచేయాల్సింది నువ్వే. ఉత్తరం రాయకు, నువ్వే స్వయంగా వెళ్ళు.

వెళ్ళి మూడు మాటలు చెప్పు. నాకు చెవులు వినబడవు, మీ పెదాలు చూసే మీ మాట తెలుసుకుంటాను అని. నా పళ్ళంటే నాకు సిగ్గు, ఆ సిగ్గుతో తప్పుపని చేసి నొప్పి తెచ్చుకున్నాను అని. మూడోది నీకు తెలుసు. ఆవిడ కాదంటే అనని. ఆవిడకి నిజం తెలీకుండా కాదనిపించుకోవడం మాత్రం నేను ఒప్పుకోను.

ఈ తెలుపు నిలవదు, అదీ చెప్పు. నెలలు గడిచేకొద్దీ నీ రంగు మెల్లగా తిరిగొస్తుంది.

నీ పంటి బిళ్ళల్లో ఒకటి నా బల్ల మీదే ఉంది. దీపం ముందు పెడితే తేనెరంగులో వెలుగుతుంది. మేడమ్ వచ్చినవాళ్ళకి చూపించి, కోయడమంటే ఇలా ఉండాలి అంటోంది. నాకు ఎంత గర్వంగా ఉంటుందో నీకు ఎప్పుడూ చెప్పలేదు. నువ్వంటే నాకు చాలా ఇష్టం బాబాయ్.

వెళ్ళు.

ప్రశ్నలమ్మ

*

ఇల్లు,
మే 12

అమ్మలూ,

నిన్న వెళ్ళాను. బస్సుల వేళలు చెప్పే గది అద్దాల పెట్టెలా ఉంటుంది, గుమ్మం లోపలినుంచి గడియ పెట్టి ఉంటుంది, డ్యూటీలో బయటివాళ్ళని రానివ్వరు. అద్దం దగ్గర నిలబడ్డాను. నన్ను చూసి కాగితాల్లోకి తల దించేసుకుంది. బస్సు వెంట బస్సు చెబుతూనే ఉంది. ఏ ఊరికి ఏది ఎన్నింటికో ఆవిడ పెదాల మీద చదువుతూ నిలబడ్డాను. కాళ్ళు లాగాయి. వెనక్కి పోదామని ఒకసారి తిరిగాను కూడా.

అద్దంలో కింద టికెట్లకని చిన్న కంత ఉంది. వంగి, అందులోంచి అంతా చెప్పాను. నువ్వు చెప్పమన్న వరస తప్పిపోయింది. చెవులు, ట్రే, చిగుళ్ళు పొక్కడం, మొక్కజొన్న గింజలు, అన్నీ కలగాపులగంగా వచ్చేశాయి. నీ పేరు కూడా ఇరికించాను, ఏమీ అనుకోకు. మీ రంగు బావుందన్నది అబద్ధం కాదు, నాది బాలేదనుకున్నదే నా తప్పు అన్నాను. ఆఖరికి ఆ మాట కూడా అడిగేశాను. అడిగి, తల ఎత్తడానికి భయమేసి ఆ కంతనే చూస్తూ ఉండిపోయాను.

చివరికి తల ఎత్తాను. ఆవిడ నావైపే చూస్తోంది, కళ్ళు తడిసి ఉన్నాయి. చేయి చాపి మైకు ఆపేసింది. అప్పుడు గొంతు తియ్యకుండా, ఒట్టి పెదాలతో, మెల్లగా, ఒక్కో మాటా నాకు తెలిసేలా విడదీసి చెప్పింది. రోజంతా ఊరందరికీ వినబడే మనిషి, ఆ మాట మాత్రం స్టేషన్‌లో ఇంకెవరికీ చేరనివ్వలేదు.

"ఆరింటికి డ్యూటీ అయిపోతుంది. ఉంటారా?"

ఉంటానన్నాను. ఎంతసేపైనా ఉంటానన్నాను. నా గొంతు ఎంత పెద్దదో నాకేం తెలుసు, బస్సుల కోసం నిలబడ్డవాళ్ళంతా ఇటు తిరిగి చూశారు.

బాబాయి